కాలువలో నేను వేసిన రాళ్లు

హిందూపురంలో ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ పీహెచ్‌డీ చేసేదాన్ని. నా పని పీజో పట్టీల మీద. గ్యాస్ లైటర్ నొక్కితే నిప్పురవ్వ వస్తుందే, అందులో ఉండే పదార్థం లాంటిదే. పట్టీ వంగినప్పుడల్లా కాస్త కరెంటు పుడుతుంది. దాన్ని ఊపడానికి సుడులు తిరిగే నీళ్లు కావాలి. సాఫీగా పారే నీళ్లలో అది ఊగదు.

బుక్కపట్నం చెరువు కింద మా అమ్మ పొలానికి పోయే కాలువలో రాళ్లు వేసి, వాటి వెనక ఇనుప కమ్మీలకు పట్టీలు బిగించాను. ఏ రాయి ఎక్కడుంటే నీళ్లు బాగా సుడి తిరుగుతాయో కుదుర్చుకోవడానికే సెలవులన్నీ అయిపోయాయి. చివరికి ఒక చిన్న ఎల్‌ఈడీ వెలిగింది. మిణుగురు కన్నా కాస్త నయం, అంతే. అమ్మ మాత్రం, కమ్మీలే కరెంటు ఇస్తున్నాయని ఊరంతా చెప్పుకుంది.

పని కొనసాగించాలా, ఆపేయాలా తేల్చడానికి పీహెచ్‌డీ కమిటీ సార్లు వచ్చారు. కాలేజీ కారులో వాళ్లతో పాటు నేనూ ఎక్కాను. పెనుకొండ దాటాక పెద్దసారు, "లైటు వెలిగితేనే సంతకమమ్మా" అని నవ్వారు. నేనూ నవ్వాను.

కాలువ దగ్గర అమ్మ కొత్త చీర కట్టుకొని, పార పట్టుకొని నిలబడి ఉంది. కాలువ కల్లాపి చల్లిన వాకిలిలా ఉంది. గడ్డి లేదు, రాయి లేదు. కమ్మీలకు పసుపు కుంకుమ పెట్టి ఉంది.

"సార్లు వస్తాండారని తెల్లారే లేసి కాలవ తీసినా పాపా. ఆ రాళ్లన్నీ గట్టుమీద ఏసినా. నీళ్లు ఎంత బాగా పోతాండాయో సూడు" అంది.

నిజంగానే బాగా పోతున్నాయి. పట్టీలు కదలడం లేదు.

నాకు కోపం రాలేదు, ఏడుపూ రాలేదు. తిమ్మిరెక్కిన కాలిని గిల్లినా తెలియదు కదా, అట్లా ఉంది.

"వెలగదేమమ్మా?" అన్నారు పెద్దసారు.

అమ్మ రాళ్లు తీసేసిందని ఒక్క మాట చెబితే ఇంకో రోజు ఇచ్చేవారేమో. అమ్మ ఆయన ముఖంలోకే చూస్తోంది, కాలువ బాగుందంటారని.

"పట్టీల్లో బలం చాల్లేదు సార్" అన్నాను.

అమ్మ చేసిన ఓళిగలు తిని, ధర్మవరంలో రైలుందని వాళ్లు వెళ్లిపోయారు. పని ఆపేయమని తర్వాత ఫోన్ వచ్చింది. పని ఆగిపోయిందని మాత్రం అమ్మకు చెప్పాను.

"పోతే పోనీలే పాపా. ఇంగో తూరి పిలువు సార్లను. ఈతూరి చెరువు కాడ్నుంచీ కాలవంతా తీసి పెడ్తా."

సరేమ్మా అన్నాను.