సత్తియ్య నోట ‘గారండీ’ వచ్చిందంటే

గోదారి ఒడ్డున దిండిలో నావలు బాగుచేసే సత్తియ్యకి ఓ గుణం ఉంది. కోపం పెరిగేకొద్దీ మర్యాద పెరిగిపోద్ది. మనసు బాగున్నప్పుడు ఎవరైనా సరే ఆయనకి ‘ఒరే’, ‘ఒసే’నే. బ్యాంకు మేనేజర్ని కూడా “ఏరా అబ్బాయ్, అన్నం తిన్నావా” అంటాడు. చిరాకొస్తే ‘నువ్వు’ పోయి ‘మీరు’ వస్తాది. కోపమొస్తే ‘గారు’ తగులుద్ది. ఒళ్ళు మండితే ‘తమరు’. ఇక ‘మహానుభావులు’ అన్నాడంటే ఆ వీధిలో పిల్లల్ని ఇళ్ళలోకి లాక్కోవాల్సిందే.

ఓసారి సత్తియ్య సాయిబాబు ఆటో ఎక్కేడు. సాయిబాబు ఫోన్లో మాట్లాడుకుంటా చించినాడ వంతెన మీద ఎదురొచ్చే లారీకి జానెడు దూరంలోంచి తప్పించేడు. వెనకనించి మెత్తగా ఓ గొంతు.

“సాయిబాబు గారండీ, తమరు కళ్ళతో కాదు, చెవుల్తో తోలతారని తెలీక ఎక్కేనండి. తప్పు నాదేనండి, ఆయ్.”

సాయిబాబు వంతెన నడిమధ్యలో ఆటో ఆపేసి, దిగి, రెండు చేతులూ జోడించేడు. “మావా, కావాలంటే రెండు దెబ్బలు కొట్టు గానీ గారు అనకు” అన్నాడు.

ఆయన కోడలు బిందు కాపురానికొచ్చిన కొత్తలో ఓ పొద్దున తల్లికి ఫోన్ చేసి మురిసిపోయింది. “అమ్మా, మా మావగారు ఎంత పెద్దమనిషో! నన్ను బిందుగారండీ అంటన్నారు.” తల్లిది రాజోలు. వియ్యంకుడి సంగతి బాగా తెలుసు. “ఏం వెలగబెట్టేవే?” అని అరిచి, చేతిలో పని వదిలేసి బస్సెక్కేసింది. వచ్చి చూస్తే ఏముంది, తారు పూసి ఆరబెట్టిన నావ మీద ఈ పిల్ల ఎండుచేపలు పరిచింది.

ఇలాంటి మనిషి చేత బేబీ ‘గారు’ అనిపించుకుంది. అదీ వరసగా మూడు రోజులు.

బేబీకీ ఆమె మొగుడు చిన్నబ్బాయికీ ఉన్నదల్లా ఓ చిన్న నావ. దాంతో గోదాట్లో వలేసుకుని బతుకుతారు. ఆ నెల్లో చిన్నబ్బాయి కాకినాడ బోటు మీద సముద్రం మీదకెళ్ళేడు. నావేమో కారతంది. పలకల సందుల్లో దూది కుక్కి, తారు పుయ్యాలి. ఆ పని సత్తియ్యదే. కానీ ఆయనకి జొరమొచ్చి మంచం మీదున్నాడు. జొరంలో ఉన్న మనిషిని ఎలా అడుగుతాంలే అని బేబీ ఊరుకుంది.

సరిగ్గా అప్పుడే నది ఒడ్డున రిసార్టులో ఏదో మొదలెట్టేరు. ఆటోకి మైకు కట్టి ఊరూరా తిప్పేరు. “సమకాలీన కళా తీర్థం! మూడు రోజులు! రండి, తిలకించండి!” ఫెయిరు అన్నమాటని ఎవరో అలా తెలుగు చేసేరు. మావైపు తీర్థం అంటే ఏంటో తెలుసు కదా. జీళ్ళు, ఖర్జూరం, గాజులు, రంగులరాట్నం. జనం పిల్లల్ని చంకనేసుకుని ఎల్లేరు, గంటలో తిరిగొచ్చేరు. “జీళ్ళు లేని తీర్థమేంటండీ, సంతాపసభలాగ! అందరూ చేతులు కట్టుకుని గోడలకేసి చూస్తన్నారు.”

ఆ తీర్థానికి హైదరాబాదు నించి భాస్కర్ అనే కుర్రాడొచ్చేడు. గడ్డం, నల్లచొక్కా, మంచి మాట. ఒడ్డున బేబీ నావ చూసి ముచ్చటపడి, “మూడు రోజులు ఇవ్వండి మేడమ్, ప్రదర్శనలో పెడతాం. ఆఖరి రోజు అందరి ముందూ దీన్ని పూర్తి చేస్తాం” అన్నాడు.

పూర్తి చేస్తాడంట! దూదీ తారూ ఆళ్ళే పెట్టుకుంటారు కాబోలు, ఇదీ ఓ దేవుడిచ్చిన దారే అనుకుని, ఇంగ్లీషు కాయితం మీద సంతకం గీకేసింది బేబీ.

మర్నాడే సత్తియ్య జొరంలోంచి లేచి, ఎవరూ పిలవకుండానే సంచీ తగిలించుకుని వచ్చేడు. చూస్తే ఒడ్డున నావ లేదు.

“నావేదే?”

“ఆళ్ళు పూర్తి చేసిస్తానన్నారు మావయ్యా. నువ్వు మంచం మీదున్నావని…”

సత్తియ్య సంచీ సర్దుకున్నాడు. “మంచిదండి బేబీ గారండి. నేను పోయేననుకున్నారు కాబోలండి. పర్లేదండి, ఆయ్.”

అంతే. ఆ రోజు నించి దారిలో కనబడితే “నమస్కారమండి”. కుళాయి దగ్గర కనబడితే “ముందు తమరు పట్టుకోండి”. బేబీకి అన్నం సయించలేదు. దాని బదులు బిందెతో నెత్తిన మొత్తినా బాగుండును.

మూడో రోజు మద్దేనం బేబీ నావ తెచ్చుకుందామని బయల్దేరితే వెనకే సత్తియ్య. భుజాన అదే సంచీ.

“నువ్వెందుకు మావయ్యా?”

“తమరి పెద్ద మేస్త్రీగారు ఎలా పూర్తి చేత్తారో చూసి నేర్చుకుందామనండి.”

గేటు దగ్గర కాపలా కుర్రాడు సంచీ విప్పించేడు. ఉలి, సుత్తి, దూది, తారు డబ్బా.

“ఇవి లోపలికి తీసుకెళ్ళకూడదండి.”

“లోపల పని చేసేదెవరండి?”

“ఆర్టిస్టులండి.”

“ఆళ్ళు దేంతో చేత్తారండి బాబుగారూ, గోళ్ళతోనా?”

ఆ కుర్రాడు బుర్ర గోక్కున్నాడు. బేబీ కలగజేసుకుని, “లోపలున్న నావ మాదేనండి, ఈయనే దాని మేస్త్రీ” అంది. వాడికి అదొక్కటే అర్థమై, ‘ఆర్టిస్టు’ అని రాసున్న కార్డు తీసి సత్తియ్య మెళ్ళో వేసేడు. సత్తియ్య దాన్ని ఎద్దు మెళ్ళో గంటలాగ ఓసారి ఊపి చూసుకుని లోపలికి నడిచేడు.

మొదటి హాల్లోనే గొడవ. నేల మీద నీళ్ళు తాగేసిన కొబ్బరి డొక్కలు గుట్టగా పేర్చేరు. పక్కన అట్ట మీద ‘గాయం’ అని రాసుంది. ఓ పెద్దావిడ పట్టుచీర కట్టుకుని, దాని ముందు నిలబడి కళ్ళు తుడుచుకుంటంది.

సత్తియ్య ఎగాదిగా చూసేడు. “ఎవరండీ ఇవి పేర్చిన పెద్దలు? గుంట పక్క పైకెట్టేరండి. నీళ్ళు నిలబడి దోమలు పుడతాయండి. దిండి అంతా జొరాలండి. నాకొచ్చింది కూడా ఇలాంటి గుట్ట దగ్గరేనండి.” అంటా వంగి ఒక్కో డొక్కా బోర్లించడం మొదలెట్టేడు.

బేబీ చెయ్యి పట్టుకు లాగింది. “మావయ్యా, వదిలెయ్, కొడతారు!”

కొట్టలేదు. ఆ పట్టుచీర ఆవిడ సత్తియ్య మెళ్ళో కార్డు చూసి, “ఆహా, గాయాన్ని మూసేస్తున్నారు!” అని ఫోన్లో తీసుకుంది. ఆవిడ తీస్తంటే ఇంకో పదిమంది తీసేరు. సత్తియ్య నడుం పట్టుకుని లేచి, “మీరంతా చదూకున్నోరండి” అన్నాడు. పదిమందీ నవ్వుతా దణ్ణం పెట్టేరు.

రెండో హాల్లో ఉంది నావ. నీలం లైట్ల కింద, దిమ్మల మీద. నడిమధ్యలో తెల్ల రంగుతో అడ్డంగా ఓ గీత. పక్కన ఎర్రగుడ్డ మీద పెద్ద రంపం.

బేబీ ఆ గీతని చేత్తో రుద్ది చూసింది, పోలేదు. అక్కడ శాంతి గారు కనబడింది. రాజోలు కాలేజీలో ఇంగ్లీషు చెప్తాది. ఉపన్యాసాల్ని తెలుగులోకీ ఇంగ్లీషులోకీ మార్చి చెప్పడానికి పిలిపించేరు.

“అమ్మా, ఆ రంపమెందుకండి?”

శాంతి గారు అట్ట చదివింది. మొహం మారిపోయింది. “బేబీ… ఐదింటికి ఉపన్యాసం అవ్వగానే దీన్ని నడిమికి కోసి రెండు ముక్కలు చేస్తారట. గోదారి పాయలుగా చీలినట్టు.”

“పూర్తి చేస్తానన్నారండి!”

“అదేనమ్మా వాళ్ళ లెక్కలో పూర్తి చెయ్యడం.”

బేబీ వేళ్ళ మీద రోజులు లెక్కెట్టింది. ఎల్లుండి చిన్నబ్బాయొస్తాడు. నావేదే అంటే ఏం చూపించాలి? సగం ఇదిగో, సగం అదిగో అనాలా?

సత్తియ్య తలగుడ్డ విప్పేడు, దులిపేడు, మళ్ళీ కట్టేడు. “మహానుభావులు ఎక్కడున్నారండీ?” అన్నాడు.

శాంతి గారు గుండె మీద చెయ్యేసుకుంది. ఆవిడదీ ఈ వైపే.

మహానుభావుడు పక్క హాల్లో స్టేజీ మీదున్నాడు. నూరుమంది కుర్చీల్లో. “విరగడంలోనే నిండుదనం ఉంది. నది చీలితేనే నది” అంటా భాస్కర్ చెప్పుకుపోతన్నాడు. అయ్యాక, “ప్రశ్నలుంటే అడగండి” అన్నారు. సత్తియ్య లేచేడు. మైకు చేతికిచ్చేరు.

“అయ్యా, తమరంతటోళ్ళు ఈ గోదారి గట్టుమీదకి రావడం మా పూర్వజన్మ సుకృతమండి.”

శాంతి గారు ఇంగ్లీషులో చెప్పింది. చప్పట్లు.

సత్తియ్య మొహం ఎర్రబడింది. “నేను నలభై ఏళ్ళ నించి నావలు అతుకుతున్నానండి. కొయ్యాలని నా మట్టిబుర్రకి తట్టలేదండి. తమరి తెలివికి నా దణ్ణాలండి.”

ఇంకా గట్టిగా చప్పట్లు. “ఎంత వినయం!” అన్నారెవరో.

“ఆయన పొగడట్లేదండీ, తిడుతున్నారు!” అని శాంతి గారు రెండు భాషల్లోనూ మొత్తుకుంది. అందరూ నవ్వేరు. ఆవిడ కూడా హాస్యమాడుతుందనుకున్నారు. ఆళ్ళు చప్పట్లు కొట్టేకొద్దీ ఈయనకి ఒళ్ళు మండుద్ది, మండేకొద్దీ మర్యాద పెరుగుద్ది, పెరిగేకొద్దీ చప్పట్లు. ఆఖరికి “తమరి పాదధూళి మా పడవల రేవులో చల్లుకుంటామండి” అన్నాడు. అంటే ఆయన లెక్కలో అంతకంటే పెద్ద బూతు లేదు. జనం లేచి నిలబడి మరీ కొట్టేరు. భాస్కర్ కళ్ళమ్మట నీళ్ళు.

ఐదయ్యింది. అందరూ నావ చుట్టూ చేరేరు. భాస్కర్ రంపం తీసేడు.

ఇక మర్యాదతో పని జరగదని బేబీకి తెలిసిపోయింది. చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని గబగబా నావెక్కి, సరిగ్గా తెల్లగీత మీద కూచుంది.

“కొయ్యరా! నన్నూ కలిపి కొయ్! కాయితం మీద నాకు తెలుగులో ఓ ముక్క చెప్పేవా? ఎల్లుండి నా మొగుడొచ్చి వల ఎక్కడ పెట్టుకోవాలి, నీ గడ్డంలోనా?”

దీనికెవరూ చప్పట్లు కొట్టలేదు. తిట్టంటే ఇదీ అని అందరికీ ఒక్కసారిగా అర్థమైంది. భాస్కర్ రంపం మళ్ళీ ఎర్రగుడ్డ మీద పెట్టేసేడు. “మేడమ్, మీకు తెలుసనుకున్నాను… సంతకం పెట్టారుగా…”

“ఏదీ ఆ కాయితం?” అని శాంతి గారు లాక్కుని చదివింది. “ఇందులో కొయ్యడం అన్నమాట ఎక్కడుందయ్యా? ‘మూడోరోజు ప్రజల సమక్షంలో నావ పూర్తి చేయబడును’. అంతే ఉంది.”

ఈలోగా తీర్థం పెట్టిన పెద్దాయన పరిగెత్తుకొచ్చి అందరి ముందూ భాస్కర్ మీద పడ్డాడు. “ఏంటిదంతా? అతిథుల ముందు పరువు తీస్తావా? ఇంకోసారి నిన్ను పిలిచేది లేదు!” ఆ కుర్రాడు తలకాయ వంచేసేడు. మొహం తెల్లకాయితంలాగ అయిపోయింది.

సత్తియ్య మైకు మళ్ళీ అందుకున్నాడు. బేబీ కళ్ళు మూసుకుంది. అయిపోయేడు కుర్రాడు, అనుకుంది.

“అయ్యా పెద్దలు,” అన్నాడు సత్తియ్య, “బాబుగార్ని ఏమనకండి. ఇదంతా ఆయన అనుకున్నదేనండి. ముందు కోత్తానని భయపెట్టి, తర్వాత పూర్తి చెయ్యడం. నన్ను పిలిపించింది కూడా ఆయనేనండి. ఇదిగోండి కార్డు.”

బేబీ కళ్ళు తెరిచింది. పుట్టి బుద్ధెరిగి సత్తియ్య అబద్ధమాడ్డం ఆమె వినలేదు.

సంచీ విప్పేడు. దూది చేతుల్తో పేని సన్నటి తాడులాగ చేసేడు. సందులో పెట్టి ఉలితో నెట్టి సుత్తితో చిన్న దెబ్బ. టక్కు, టక్కు, టక్కు. 

“అలా నిలబడిపోయేరేంటండి భాస్కర్ గారండి, తమరు కూడా పట్టండి. పూర్తి చేత్తానన్నది తమరే కదండి.”

భాస్కర్ కూచున్నాడు. దూది మరీ లావుగా పేనేడు. “అలా కాదండి, మీరు వేళ్ళు తడి చేసుకోండి.” మళ్ళీ పేనేడు. “సందు చూడు బాబూ, సందు.” బేబీ నావలో కూచునే వింటంది. తమరు పోయింది. గారు పోయింది. మీరు కూడా పోయింది. తారు పూసేటప్పుడు భాస్కర్ చొక్కా నిండా చేసుకున్నాడు. సత్తియ్య పకపకా నవ్వి, “ఒరే ఎదవా, నావకి పుయ్యమంటే నువ్వు పూసుకున్నావేంట్రా!” అన్నాడు.

భాస్కర్ చెయ్యి ఆగిపోయింది. అందరూ వెళ్ళిపోయేక శాంతి గారి దగ్గరకొచ్చి చిన్నబోయి అడిగేడు. “ఇందాకంతా ఎంత గౌరవంగా మాట్లాడారండి! ఇప్పుడేంటి, ఒరే అనేశారు? నేనేం తప్పు చేశాను?”

శాంతి గారు పగలబడి నవ్వి, సంగతంతా చెప్పింది. అప్పటిదాకా జరిగిన పొగడ్తలన్నీ ఆ కుర్రాడు మనసులో ఒక్కోటీ తిరగేసుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి.

“మరి అంత కోపమున్న మనిషి నన్నెందుకు కాపాడారండి?”

బేబీ అదే అడిగింది సత్తియ్యని. ఆయన ఉలి తుడుచుకుంటా విసుక్కున్నాడు.

“కుర్రోడు వణికిపోతన్నాడు, చూళ్ళేదా? నూరుమందిలో తలొంచుకున్నోణ్ణి ఇంకా ఏమంటాం? నా నోటి సంగతి నాకు తెలీదేంటే. ఒరే అని మొదలెట్టి తిట్టేనంటే ఎదటోడు పదేళ్ళు మర్చిపోడు. అదే గారండీ, తమరండీ అనుకో, మాటలు ఎతుక్కోవాలి. ఎతుక్కునేలోగా కోపం సగం చచ్చుద్ది. దీనికి కూడా ఉపన్యాసమెట్టాలా? నావ దింపు, పొద్దుపోతంది.”

మర్నాడు పొద్దున్నే భాస్కర్ ఎవరికీ చెప్పకుండా, సిగ్గుపడి, కారెక్కి హైదరాబాదు బయల్దేరేడు. చించినాడ వంతెన దాటేసరికి ఫోన్ మోగింది. శాంతి గారి దగ్గర నెంబరు తీసుకుని బేబీ సత్తియ్యకి కలిపిచ్చింది.

“నమస్కారమండి భాస్కర్ గారండి. తమరు బయల్దేరిపోయేరని తెలిసిందండి.”

భాస్కర్ సీట్లో నిటారుగా అయిపోయేడు. “ఏమైందండీ? నావ కారుతుందా? నేనేం చేశానండీ?”

“నావ బాగుందండి. మా కోడలు బిందు పొద్దున్నే లేచి చేపల పులుసు పెట్టిందండి, తమరొస్తారని. మాలాంటోళ్ళ ఇంట్లో మహానుభావులు ఎందుకు తింటారులెండి. మంచిదండి, ఆయ్.”

కారు రోడ్డు మధ్యలోనే వెనక్కి తిరిగింది. వెనకొచ్చే ఆటోవాడు హారను కొట్టి మరీ తిట్టేడు. మర్యాద లేకుండా.