తరాజుకు పోయిన మీసం

అబద్ధమాడినా అతికినట్లుండాలంటారు. ఇంగ్లీషు పంతులుగా నేను ఆ పని బాగానే చేసేవాణ్ణి.

రాష్ట్రం ఆంధ్రప్రదేశ్ అయిన కొత్తలో ప్రొద్దుటూరికి సర్కస్ వచ్చింది. జమ్మలమడుగు నుంచి నేనూ, మా బడి లెక్కల పంతులూ కలిసి వెళ్లాం. డేరా పైకప్పు కింద, రెండు తాళ్లకు కట్టిన కర్ర పట్టుకుని ఒకామె అటునుంచి ఇటు ఎగిరింది. కరపత్రంలో దాని పేరు ట్రెపీజు.

"ఆ మాట యాడిదప్పా?" అన్నాడు లెక్కలాయన.

తెలియదని చెప్పడం నా ఒంటికి పడదు. దారిలో బంగారు అంగట్లో చూసిన తూకం తరాజు గుర్తొచ్చింది. అదీ వేలాడేదే కదా!

"మన తరాజే. పైజామా, బంగళా అనే మాటలు ఎత్తుకపోయిన ఇంగ్లీషోళ్లు తరాజును ఇడుస్తారా?" అన్నాను.

"కాదప్పా. రేఖాగణితంలో ట్రెపీజియమని నాలుగు గీతల బొమ్మ ఉంది సూడు, అదే మూలం. పందెమా?"

తాను ఓడితే పిలక తీయించుకుంటానన్నాడు. నేను ఓడితే మీసం. ట్రైనింగు రోజుల నుంచి నూనె రాసి మెలితిప్పి పెంచిన మీసం అది. అది లేకపోతే నన్నెవరూ లెక్కచేయరని నాకు లోపల గట్టి భయం.

తీర్పుకు పులివెందులలోని మా మామగారి దగ్గరికి పోదామన్నాను. ఆయన రిటైరైన హెడ్మాస్టరు, ఇంట్లో లావుపాటి ఇంగ్లీషు నిఘంటువుంది. నా భార్య కూడా అప్పుడు పుట్టింట్లోనే ఉంది. పైగా అల్లుడి మీసం తీయించే మామ ఎక్కడైనా ఉంటాడా?

ఆదివారం బస్సెక్కాం. మామగారు కళ్లజోడు తుడుచుకుని పేజీ తీశారు. సర్కస్ ఊయలకు ఆ పేరు ట్రెపీజియం నుంచే వచ్చిందట. పైదూలం, రెండు తాళ్లు, కింది కర్ర కలిస్తే ఆ ఆకారమే. ట్రెపీజియమేమో గ్రీకు మాట. చిన్న బల్ల అని అర్థం, అసలు మూలం నాలుగు కాళ్లు.

కిందపడ్డా నాదే పైచేయి అనే రకం నేను. "చిన్న బల్లంటే పీట! ఈయప్ప పీట అనలేదు గదా మామా!" అన్నాను.

"పీట ఆడనే ఉంది, కూర్చో అల్లుడా. మంగలికి చెప్పి పంపినా," అన్నారు మామగారు.

లెక్కలాయన పిలక ముడివేసుకుంటూ నవ్వుతుంటే, నేను మంగలి ముందు పీట మీద కూర్చున్నాను. కత్తి నాలుగు గీతలు గీసేసరికి అంతా అయిపోయింది. మూతి చేత్తో కప్పుకుని వంటింట్లోకి పోయాను. నా భార్య ఆ చెయ్యి పక్కకు తీసి చాలాసేపు చూసింది. అప్పటికి మా పెళ్లయి మూడేళ్లు.

"మీరేనా? ఇన్నాళ్లూ ఆ మీసాన్ని సూసి శానా బయపడతాంటి," అంది.

నాకు సిగ్గేసింది. మళ్లీ మీసం పెంచలేదు.