లీటరుకు తొంభై గ్రాములు తక్కువ

ఎనిమిదో తరగతి పిల్లలకు పద్నాలుగేళ్లుగా సాంద్రత పాఠం చెబుతున్నాను. నూనె నీళ్లమీద ఎందుకు తేలుతుందో గ్లాసులో పోసి మరీ చూపిస్తాను. అంత తెలిసినదాన్ని మా ఇంటి ఆవకాయ దగ్గర బోర్లా పడ్డాను. ఆ కోపం ఇంకా తగ్గలేదు. అందులో సగం నా మీదే.

పత్తికొండలో మా అత్తగారింట్లో ఊరగాయ కలపడమంటే అత్త ఒక్కదాని పని. నేను కోడలిగా వచ్చి పదకొండేళ్లయినా ముక్కలు తుడవడం వరకే నా వంతు. కిందటేడు ఎండాకాలంలో ఆమె కంటికి ఆపరేషనైంది, కారం దగ్గరికి పోవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఇక తప్పక జాడీ నాకు అప్పగించింది.

"పది కిలోల ముక్కలకు ఐదు కిలోల నూనె పోయల్ల. నీ తెలివి యాడా సూపొద్దు," అంది లోపలి గదిలోంచి.

ఆమెకు నూనె ఎప్పుడూ కిలోల్లోనే. మా వీధి చివర గానుగలో ఖాళీ క్యాను ముందు తూచి, చెనక్కాయ నూనె పోసి మళ్లీ తూస్తారు. ఆ వారం గానుగ మోటారు కాలిపోయింది. అంగట్లో లీటరు ప్యాకెట్లు ఐదు తెచ్చి పోసేశాను. ఐదంటే ఐదే కదా అనుకున్నాను. ప్యాకెట్టు వెనక చిన్న అక్షరాల్లో 910 గ్రాములని రాసి ఉంది. చూస్తే కదా!

మూడో రోజుకు నూనె పైకి తేలాలి. తేలలేదు. పైముక్కలు పొడిగానే ఉండిపోయి పదో రోజుకు బూజు పట్టాయి. కడప నుంచి వచ్చిన ఆడబిడ్డ మూత తీసి ముక్కు చిట్లించింది.

"కొందరి చెయ్యి ఊరగాయకు పనికిరాదు లేమ్మా," అంది వాళ్లమ్మతో.

"ఆ దినం బయటుంటివా ఏమి?" అని అత్త నన్నడిగింది. నెలసరిలో జాడీ ముట్టుకున్నానేమోనని ఆమె అనుమానం. నాకు ఒళ్లు మండిపోయింది. అందరి ముందూ, మా మామ పక్కనే ఉండగా, ఆ ప్రశ్నకు నేను జవాబు చెప్పుకోవాలా?

రెండు రోజులు బుర్ర బద్దలు కొట్టుకుంటే అసలు సంగతి తట్టింది. వంటింటి త్రాసు తెచ్చి, అత్త ముందే గిన్నెలో లీటరు నూనె తూచి చూపించాను.

"లీటరంటే కిలో కాదత్తా. ప్యాకెట్టుకు తొంభై గ్రాములు తక్కువ. మొత్తం మీద అర కిలోకు దగ్గరగా తగ్గిపాయ. అందుకే సెడింది."

నల్లద్దాల్లోంచి ఆమె అంకెలకేసి చూసింది. "లెక్కలు బడిలో సెప్పుకోమ్మా. సెయ్యి అనేది ఒకటి ఉండాది," అంది. నేను గిన్నె తీసుకుని వచ్చేశాను.

ఈ ఏడు గానుగ పూర్తిగా మూసేశారు. కన్ను బాగైన అత్త తానే పీట వేసుకుని కూర్చుంది. ఐదు ప్యాకెట్లు పోసింది.

"ఇంగో అర లీటరు పడల్లత్తా," అన్నాను.

"నాకు నేర్పుతాండావా?"

ఆరో ప్యాకెట్టు ఆమె పక్కన పెట్టాను. దాన్ని అలమారలోకి నెట్టేసింది. ఆమె లేచి వెళ్లాక నేనే పోసేయవచ్చు. కానీ తర్వాత ఏం జరిగినా మళ్లీ నా చెయ్యే అంటారు. చేతులు కట్టుకుని కూర్చున్నాను.

పన్నెండో రోజున జాడీ మూత తీస్తే అదే తెల్లటి బూజు. అత్త వంగి జాడీలోకి చూసింది. నేను చెప్పిందే నిజమని ఒప్పుకోనక్కర్లేదు, పోయినేడు తప్పు నా చేతిది కాదని ఒక్క మాటంటే చాలనుకుని ఎదురుచూశాను. ఆమె ఫోను తీసి కూతురికి చేసింది.

"ఈ ఏడు కాయే మంచిది రాల్యా పాపా," అంది.