సీసా మళ్ళీ మాస్టారయిన సంగతి

మా కుట్టు యూనిట్‌లో స్కూలు యూనిఫారాలు, ఆసుపత్రి కోట్లు తయారవుతాయి. ఇరవై రెండు మిషన్లు, గోడవారగా ఇస్త్రీ బల్లలు, మధ్యలో పొడుగాటి కటింగ్ బల్ల. నేను పదహారేళ్ళుగా అక్కడ కాలర్లు కుడుతున్నాను. నా పక్క మిషను మీద కాజాలు తీసే ఆమెను వదినా అని పిలుస్తాను. ఆమె భర్తే మా కటింగ్ మాస్టారు.

నలభై పొరల గుడ్డ పరిచి ఆయన కోస్తే పై పొరకీ అడుగు పొరకీ వెంట్రుకవాసి తేడా వచ్చేది కాదు. కొత్త థాను రాగానే అంచు పట్టుకుని లాగి చూసి, "ఇది నీళ్ళు తగిలితే ముడుచుకుపోతుంది, మా ఆవిడ ముందు నేను ముడుచుకున్నట్టు" అనేవారు. వదిన తల ఎత్తకుండానే నవ్వేది.

తాగుడు ఎప్పుడు ముదిరిందో మాకెవరికీ సరిగ్గా తెలియదు. మొదట నడుము నొప్పికన్నారు, తర్వాత నిద్ర కోసమన్నారు, ఆ తర్వాత సాకులు చెప్పడం కూడా మానేశారు. ఒకరోజు పొద్దున్నే తాగొచ్చి బల్ల దగ్గర నిలబడ్డారు. నమూనా అట్ట తిరగేసి పెట్టడం మర్చిపోయి నలభై చొక్కాలకు ఎనభై ఎడమ చేతులే కోశారు. మేమంతా పడీ పడీ నవ్వాం. ఓనరు నవ్వలేదు. మర్నాటి నుంచి మాస్టారిని ఇస్త్రీ బల్లకు మార్చేశాడు.

ఆ వారంలోనే ఎవరో ఆయనకు 'సీసా' అని పేరు పెట్టారు. పెట్టింది నేను కాదు గానీ, పిలిచినవాళ్ళలో నేనూ ఉన్నాను. అలా పిలిచినప్పుడల్లా వదిన వినపడనట్టు మిషను జోరు పెంచేది.

ఒకసారి ఆయన తనంతట తానే మానుకుని పదకొండు రోజులు నెగ్గుకొచ్చారు. పన్నెండో రోజు టీ పంచుతుంటే ఎవరో, సీసాలో టీ పోస్తే పగిలిపోతుందేమో అన్నారు. అందరం నవ్వాం. ఆయనా నవ్వారు. సాయంత్రం తూలుతూ ఇల్లు చేరారు. తాగినా అదే పేరు, మానినా అదే పేరు అయినప్పుడు మానడం దేనికని వదినను అడిగారట. ఆమె ఆ మాట నాకు చెప్పినప్పుడు నేను ఆమె ముఖం కేసి చూడలేకపోయాను.

మరో ఏడాదికి ఒళ్ళు పచ్చబడి, చేతులు కాళ్ళు వణుకుతూ పడిపోతే ఆసుపత్రిలో చేర్చాం. వదినకు తోడుగా నేనూ వెళ్ళాను. వార్డులో నడివయసు నర్సు ఒకామె కాగితం నింపుతూ, ఏమిటి ఇబ్బంది అని అడిగింది.

"తాగుబోతండీ," అంది వదిన.

నర్సు కలం ఆపింది. "ఆయనకి తాగుడు జబ్బు ఉందమ్మా. నేను అలాగే రాస్తున్నాను, చూడండి."

వదినకు కోపం వచ్చింది. "అంటే ఇన్నాళ్ళూ మమ్మల్ని పెట్టిన బాధంతా జబ్బు మీదకి తోసేసి ఈయన చేతులు కడుక్కుంటాడా?"

"లేదమ్మా. చేసినవన్నీ ఆయన చేసినవే, సరిదిద్దుకోవాల్సిందీ ఆయనే. అసలు మనిషే కాదని మనం కొట్టిపారేస్తే, ఇక సరిదిద్దడానికి ఎవరు మిగులుతారు?"

మంచం మీద మాస్టారు గోడవైపు తిరిగి పడుకుని ఉన్నారు. నిద్రపోతున్నారనుకున్నాం. ఆయన వీపు వెక్కిళ్ళతో కదలడం కాసేపటికి గమనించాను.

ఆ వార్డులో తాగుడు మానడానికి చేరినవాళ్ళందరినీ రోజూ కూర్చోబెట్టి మాట్లాడించేవారు. రిటైరైన బస్సు డ్రైవరు ఒకాయన లేచి, నేను తాగుబోతునే, ఆ ముక్క పైకి అనుకోకపోతే నా కాలు మళ్ళీ మందు దుకాణం వైపే పోతుంది అన్నాడట. మాస్టారు మాత్రం ఆ మాట వినపడగానే లేచి బయటికి వెళ్ళిపోయేవారట. మీ గురించి మీకు పనికొచ్చే మాట మీరే ఎంచుకోండి, ఎదుటివాళ్ళ మీద మాత్రం రుద్దకండి అని నర్సు ఇద్దరికీ చెప్పిందట. ఆ ఇద్దరూ ఇప్పటికీ మంచి స్నేహితులు.

ఇంటికొచ్చిన నాలుగు నెలలకు ఆయన మళ్ళీ తాగారు. ఇదివరకైతే నెలల తరబడి దాచేవారు. ఈసారి మర్నాడు ఉదయమే వంటగది గుమ్మంలో నిలబడి చెప్పేశారు. వదినకు పాత మాట నోటిదాకా వచ్చిందట.

"మింగేశానే. చేదుమందు మింగినట్టు మింగేశాను," అంది నాతో. "జబ్బు తిరగబెట్టింది, పద ఆసుపత్రికి, అన్నాను. చొక్కా వేసుకుని నా వెనకే వచ్చాడు, పాపం."

ఆ రోజే నేను యూనిట్‌లో అందరి ముందూ నోరు విప్పాను. ఇకమీదట ఆయన్ని మాస్టారనే పిలుద్దాం, ఆ పాత పేరుతో పిలిచి నేనూ తప్పు చేశాను అన్నాను. కొందరు మూతి తిప్పారు. నెల తిరిగేసరికి వాళ్ళకీ అలవాటైపోయింది.

ఓనరు వెంటనే నమ్మలేదు, నమ్మమని మేమూ అడగలేదు. మొదట ఒక్క పొర గుడ్డ ఇచ్చాడు. చెయ్యి ఇంకా కొంచెం వణుకుతుంటే మాస్టారు మోచెయ్యి బల్లకు ఆనించి, ఊపిరి బిగబట్టి కోశారు. తర్వాత అయిదు పొరలు, తర్వాత పది. నలభైకి చేరడానికి ఏడాదిన్నర పట్టింది. అది జరిగి ఆరేళ్ళయింది.

మొన్నీమధ్య ఆ నర్సుకు బదిలీ అయిందని తెలిసి మాస్టారు ఆమె కొలత ఊహించి తెల్లకోటు ఒకటి కోశారు. వదిన కాజాలు తీసింది, కాలరు నేను కుట్టాను. ఆయన ఒక్కరే మూడు గంటలు బస్సులో కూర్చుని వెళ్ళి ఇచ్చి వచ్చారు.

"గుర్తుపట్టిందా?" అని వదిన అడిగింది.

"లేదు. ఎంత చెప్పినా గుర్తు రాలేదు," అన్నారు మాస్టారు. ఆయన ముఖం వెలిగిపోతోంది. "వార్డుకొచ్చిన ప్రతి ఒక్కరికీ తాగుబోతు అని కాక జబ్బు అనే రాస్తుందట. నా ఒక్కడికే రాసి ఉంటే గుర్తుండేవాణ్ణి."

కోటు భుజాల దగ్గర కాస్త బిగుతైందట. వచ్చే వారం మళ్ళీ వెళ్ళి సరిచేసి ఇస్తానని మాటిచ్చి వచ్చారు.