ఉత్త ఫ్లాష్

మా చిన్నప్పుడు మా ఇంట్లో అందరికీ తెలిసిన ఒక మోసం ఉండేది... దాని పేరు ఉత్త ఫ్లాష్.

మా బాపుకు సిద్దిపేటలో ఒక చిన్న ఫొటో స్టూడియో ఉండేది. కిరాయి ఇల్లు. ముందు గదిలో స్టూడియో, వెనుక గదిలో మేము. మామూలు రోజుల్లో పాస్‌పోర్ట్ ఫొటోలతో ఉప్పూ పప్పూ వెళ్ళేవి. అసలు బతుకుదెరువు పెళ్ళిళ్ళే.

మాట్లాడుకునేటప్పుడే పెళ్ళివాళ్ళు రెండు రీళ్ళు, మహా అయితే మూడు అని ఖాయం చేసేవాళ్ళు. రీలుకు ముప్పై ఆరు ఫొటోలే... తీరా పందిట్లోకి పోతే ఊరంతా పెళ్ళిపిల్ల పక్కన నిలబడి ఫొటో దిగాలనేది. తీయనంటే అలకలు. తీస్తే ఆ ఖర్చు బాపు నెత్తిన.

అందుకే ఆ పనిలో ఉన్నవాళ్ళకు ఒక ఉపాయం ఉండేది. ఫ్లాష్ వెనక చిన్న బటన్ ఉంటుంది. అది నొక్కితే మెరుపు మాత్రం వస్తుంది... కెమెరా కదలదు, రీలు ఖర్చు కాదు. నిలబడ్డవాళ్ళు మురిసిపోయి దిగిపోతారు. తర్వాత ఆల్బమ్‌లో ఏదని అడిగితే, రీలు పాడైందని చెప్పేస్తే సరి.

అన్నం తినేటప్పుడు బాపు ఇదంతా నటించి చూపించేవాడు. మీసం దువ్వుకుని నిలబడ్డ పెద్దమనుషులు, బొట్టు సర్దుకునే అత్తలు... మేము పొలమారేదాకా నవ్వేవాళ్ళం. అందరికంటే గట్టిగా నేనే నవ్వేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోవాలనిపిస్తుంది.

నేను ఐదో తరగతిలో ఉన్నప్పుడు, పెత్రమాస, అదే పెద్దల అమావాస్య, ఇంకో నాలుగు రోజులుందనగా, ఒకామె స్టూడియోకి వచ్చింది. చంకలో మూడేళ్ళ ఆడపిల్ల. దుబ్బాక నుంచి బస్సులో వచ్చానంది. ఆ ఎండాకాలం అక్కడ మగ్గం నేసేవాళ్ళ ఇంట్లో బాపు ఒక పెళ్ళి తీశాడు. ఈమె ఆ పెళ్ళిపిల్లకు చిన్నమ్మ.

ఆమె భర్త మహారాష్ట్రలో, భివండీలో మగ్గాల మీద పనిచేసేవాడట. పెళ్ళి కోసం రెండు రోజులు వచ్చిపోయాడు. వానాకాలంలో అక్కడే జ్వరమొచ్చి చనిపోయాడు. ఆయనది ఇంట్లో ఒక్క ఫొటో కూడా లేదు. పెత్రమాసకు పోయినవాళ్ళ పేరు మీద బియ్యం ఇస్తారు కదా... ఆ రోజుకైనా గోడకు ఫొటో ఉండాలని ఆమె ఆశ. పెళ్ళివాళ్ళ ఆల్బమ్ మొత్తం తిరగేసిందట, లేదు. ప్రింటు కడగకుండా మిగిలిపోయిందేమో, చూసి ఇవ్వమని అడిగింది.

బాపు నెగటివ్‌ల కవరు తీసి, ఒక్కొక్కటీ ట్యూబ్‌లైట్‌కు ఎత్తి పట్టి చూశాడు. లేదని ఆయనకు తెలుసు. ఆయన మొహం చూస్తే నాకూ తెలిసిపోయింది. చివరికి, రీలు ఖరాబైనట్టుంది అని గొణిగాడు.

"మంచిగ చూడు అన్నా," అంది ఆమె. "స్టీలు బిందె పట్టుకొని ముగ్గురం నిలబడ్డం. నువ్వే నవ్వుమన్నవు. పండ్లు ఎత్తుగున్నయని ఆయన ఎన్నడు నవ్వకపోయేటోడు... నువ్వన్నవని నవ్విండు."

బాపు కవరు పక్కన పెట్టాడు. ఫొటో దిగేవాళ్ళు కూర్చునే స్టూలు మీద కూలబడ్డాడు.

"తియ్యలేదు చెల్లె. నేను అసలు ఫొటోనే తియ్యలేదు."

ఆమెకు అర్థం కాలేదు. మెరుపు మేము చూశాం కదా అంది. బాపు ఫ్లాష్ చేతిలోకి తీసుకుని ఆ బటన్ నొక్కి చూపించాడు. గదంతా ఒక్కసారి తెల్లగా అయింది. చంకలో పిల్ల ఫొటో తీస్తున్నారనుకుని నవ్వింది.

ఆమె అరవలేదు, తిట్టలేదు. ఒక్కమాట అడిగింది.

"తియ్యనప్పుడు నవ్వుమన్నవెందుకన్నా?"



మర్నాడంతా బాపు ఆ పెళ్ళి నెగటివ్‌లన్నీ మళ్ళీ వెతికాడు. భోజనాల బంతి ఫొటోలో, మూలకు, ఒక మనిషి వంగి సాంబారు వడ్డిస్తున్నాడు. వీపు, భుజం మీద తువ్వాల, బకెట్ పట్టుకున్న చెయ్యి... అంతే, మొహం లేదు. ఆ తువ్వాలను బట్టి ఆయనేనని బాపు గుర్తుపట్టాడు. దాన్నే పెద్దది చేయించి, ఫ్రేము కట్టించి, తనే దుబ్బాక తీసుకుపోయాడు. ఆమె ఆ చెయ్యిని గుర్తుపట్టి అద్దం మీద తడిమిందట. ఆ పెత్రమాసకు దండ ఆ వీపుకే వేశారు.

ఆ తర్వాత బాపు మళ్ళీ ఎప్పుడూ ఆ బటన్ ముట్టలేదు. ఎవరు నిలబడితే వాళ్ళను నిజంగా తీసేవాడు. పెళ్ళివాళ్ళు, మేము చెప్పింది రెండు రీళ్ళే అని చేతులు దులుపుకునేవాళ్ళు. అమ్మ చెవి కమ్మలు ఆ రీళ్ళకే పోయాయి. "నీ నియ్యతి మా కడుపు నింపుతదా?" అని ఆ నిజాయితీని తిట్టుకుంటూ అమ్మ ఏడిస్తే, నేనూ అమ్మ పక్కనే ఉన్నాను. నాకు బూట్లు కొనని మనిషి ఎవరో ముక్కూ మొహం తెలియనివాళ్ళకు ఫొటోలు తీస్తున్నాడని ఏళ్ళ తరబడి కోపం పెట్టుకున్నాను. స్టూడియో మూతపడింది. బాపు బట్టల దుకాణంలో గుమాస్తాగా చేరాడు, రిటైరయ్యేదాకా అక్కడే చీరలు మడతపెట్టాడు.

ఇప్పుడు ఎవరికీ రీలు అయిపోదు... మా పిల్లలు పొద్దున లేస్తే ఫోన్లతో టకటకా తీస్తూనే ఉంటారు. నవ్వు తాతా అంటే మాత్రం బాపు నవ్వడు. తీశాక ఫోన్ అడుగుతాడు. "పడ్డదా? చూపియ్యి," అని కళ్ళ దగ్గర పెట్టుకుని చూసుకుంటాడు. పడిందని నమ్మకం కుదిరాక అప్పుడు నవ్వుతాడు. అందుకే మా దగ్గర బాపు ఫొటోలు వందలున్నా, నవ్వేది ఒక్కటీ లేదు.

మీ ఇళ్ళల్లో ఒక్క ఫొటో కూడా లేకుండా వెళ్ళిపోయినవాళ్ళు ఉంటే... వాళ్ళు ఎలా నవ్వేవాళ్ళో కింద రాయండి. మా బాపుకు చదివి వినిపిస్తాను.