రాయి పడుతుందన్న చలికాలం

ఆకాశంలోంచి నెత్తిన పడుతుందన్న స్కైలాబ్ ఎక్కడో దూరంగా పడిపోయి ఊరు ఊపిరి పీల్చుకుందో లేదో, ఆ చలికాలమే ఈసారి రాయి వస్తోందన్నారు. కొండలంత రాళ్ళు కొన్ని సూర్యుడి చుట్టూ తిరుగుతూ భూమి దారికి అడ్డం వస్తుంటాయని, ఏ లక్షల ఏళ్ళకో ఒకటి తగిలినా తగలవచ్చని ఒక వారపత్రికలో ఎవరో రాశారు. ఆ కబురు అంబాజీపేట కొబ్బరి లారీల మీద మా ఊరు చేరేసరికి లక్షల ఏళ్ళు దారిలోనే రాలిపోయాయి. క్రిస్మస్ వెళ్ళాక వచ్చే ఆదివారం, పొద్దెక్కే వేళకి పడుతుందని తేల్చేశారు. గోరంతను కొండంత చెయ్యడంలో మావాళ్ళ తర్వాతే ఎవరైనా.

మా నాన్నగారు ఆ ఊరి సంఘానికి బోధకులు. మాలో బాప్తిస్మమంటే నెత్తిన నాలుగు చుక్కలు చల్లడం కాదు. ఆదివారం ఆరాధనకు ముందు కాలవలో దించి మనిషిని పూర్తిగా ముంచాలి. ముంచే బోధకుడు, అందరి వంతూ అయ్యేదాకా నడుంలోతు నీళ్ళలో నిలబడాలి. నాన్నగారికి ఉబ్బసం. చన్నీళ్ళలో దిగితే దక్కరని అమలాపురం డాక్టరు నా ఎదుటే చెప్పాడు. అమ్మ పోయాక కషాయాలు కాచేదీ, వీపు రాసేదీ నేనే. అప్పటికే బాగా అలిసిపోయి ఉన్నాను. మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు, ఏళ్ళ తరబడి మా ప్రార్థన గుడిలో వెనక గోడకు ఆనుకుని కునుకు తీసినవాళ్ళంతా మా వాకిట్లోకి వచ్చి, ఆ ఆదివారమే బాప్తిస్మం ఇమ్మన్నారు.

ఎండెక్కాక పెట్టుకుందామన్నాను. అప్పటికి రాయి పడిపోతుంది కదండీ అన్నారు. ఆ పత్రికేదో సంపాదించి అందరికీ చదివి వినిపించాను. శ్రద్ధగా విని ఆయ్, ఆయ్ అంటూ తలూపారు. పక్కింటి మామ్మ మాత్రం, కోతలకు వెళ్ళి బతికే ముసలావిడ, నెమ్మదిగా అడిగింది.

“రాకపోతే మంచిదేనమ్మా. వచ్చిందంటే?”

పత్రిక మడిచి లోపల పెట్టేశాను.

ఆ సాయంత్రం నాన్నగారితో పోట్లాడాను. రాయి భయంతో వచ్చినవాళ్ళు రాయి రాకపోతే నిలవరని ఆయనకూ తెలుసు.

“భయపడి వచ్చినోళ్ళని ఎండెక్కేక రమ్మనమంటావా అమ్మా?” అన్నారు.

ఆదివారం మంచు విడవకముందే నాన్నగారు కాలవలో దిగారు. నేను పొడి తువ్వాలు పట్టుకుని గట్టు మీద నిలబడ్డాను. ఒక్కొక్కరినే ముంచి లేపుతున్నారు. మధ్యలో ఆగి దగ్గుతున్నారు. ఇంక చాలు, పైకి రండని నేను రెండుసార్లు అరిచాను. ఇంతలో పొద్దెక్కింది. ఏ రాయీ రాలేదు. వరస చివరనున్న ఇద్దరు గండం గడిచిందనుకుని, తడవకుండానే ఇంటికి వెళ్ళిపోయారు.

ఆ వారమే నాన్నగారు మంచం పట్టారు. గుడిలో మళ్ళీ పాత జనమే మిగిలారు. కొత్తవాళ్ళలో మామ్మ ఒక్కత్తే మానకుండా వచ్చేది. రోజూ సాయంత్రం వచ్చి నాన్నగారి కాళ్ళు కూడా పట్టేది. ఒకరోజు విసుగెత్తి, రాయి రాలేదుగా, ఇంకా ఎందుకొస్తున్నావని అడిగేశాను. ఆవిడ నొచ్చుకోలేదు.

“నన్ను ముంచినప్పుడు అయ్యగారి చేతులు వణికిపోయేయమ్మా. నాకు రాయి సంగతే గుర్తు లేదప్పుడు. ఈయన నన్ను వదిలేత్తారేమో అనుకున్నాను. వదల్లేదు. అందుకొత్తన్నాను.”

నేను వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు ఏడ్చాను.

వేసవికి కాలవలకు నీళ్ళు కట్టేసేలోపే నాన్నగారు పోయారు. ఊరంతా వచ్చింది, తడవకుండా వెళ్ళిపోయిన ఆ ఇద్దరితో సహా. వాళ్ళ మీద కోపం కొన్నాళ్ళకు పోయింది. మామ్మ మీద, వంటింట్లో ఏడ్చిన ఆ సాయంత్రమే పోయింది. నేను అరుస్తున్నా వినిపించుకోకుండా నీళ్ళలోనే నిలబడ్డ నాన్నగారి మీద మాత్రం ఇప్పటికీ పోలేదు.