ఒట్టి పేరు

మొన్న కామారెడ్డిలో కంటి దవాఖానకు పోయాను. బెంచీ మీద వంతు కోసం కూర్చుంటే, ఒక అమ్మాయి తలుపు సందులోంచి తొంగి చూసి నా పేరు పెట్టి గట్టిగా పిలిచింది. గారు లేదు, మేడం లేదు, కనీసం ఒక అమ్మా అయినా లేదు. జీవితమంతా బడిలో పిల్లల హాజరు పిలిచినదాన్ని, ఇవాళ నాకే హాజరు పిలుస్తుందా అని ముక్కు మీదికి కోపం వచ్చింది. ఆ వెంటనే నవ్వూ వచ్చింది. పక్కనున్నావిడ నాకు చూపుతోపాటు ఇంకేదో కూడా తగ్గిందనుకుని కొంచెం దూరం జరిగింది. ఆవిడకేం తెలుసు, నాకు మా మేనత్తా ఎల్లారెడ్డి కోర్టూ గుర్తొచ్చాయని.

మేనత్తది ఎల్లారెడ్డి పక్కన చిన్న ఊరు. మామ పోయాక ఆవిడకు మిగిలినవి కొద్దిపాటి వరిమడి, ఒక బర్రె, ఎవరికీ జంకని నోరు. ఆ మడికి పోవాలంటే బండ్ల బాట ఒక్కటే దారి. ఊళ్లో దాన్ని రాస్తా అంటారు. తాతల నాటినుంచి అందరి బండ్లూ తిరిగిన దారి. దాని రెండు పక్కలా భూములు కొన్న ఊరి పెద్దమనిషి ఒకరోజు రాస్తాకు అడ్డంగా రాతి కడీలు పాతించి ముళ్లతీగ లాగించాడు. వరి కోతకొచ్చింది, మిషను పోయే తోవ లేదు. ఆ ఏడు అత్త మోపులు నెత్తిన పెట్టుకుని, గట్ల మీద తూలుతూ మోసింది. ఆయన మాత్రం మర్యాదగానే కబురు పంపాడు, ఇంత తిప్పలెందుకు, ఆ మడి నాకే అమ్మెయ్యరాదా అని. మామ బతికినన్నాళ్లూ రాళ్లేరి సాపు చేసిన మడి అది. దారి పోతే అదీ పోతుందని అత్తకు తెలుసు.

ఆయన్ని ఊరంతా పటేలా అనే పిలిచేవాళ్లు. ఆయనకూ తల్లిదండ్రులు పెట్టిన పేరొకటి ఉందన్న సంగతి ఊరు ఎప్పుడో మరిచిపోయింది. అదే పేరున్న కుమ్మరాయన్ని, పటేలు చెవిన పడుతుందేమోనని, పెండ్లయి పిల్లలు పుట్టినా చిన్నోడా అనే పిలిచేవాళ్లు. నేనిక్కడ ఆ పేరు రాయకపోవడానికి మాత్రం భయం కారణం కాదు. ఆయనకూ వయసు మీద పడింది, పోనీలే అని.

అత్త దావా వేస్తానంటే ఊరు నవ్వింది. కోర్టు ఆయన జేబులో ఉందని, పైనుంచి ఫోను కూడా చేయించాడని చాయ్ హోటల్లో మాట. ఆ మాట పుట్టించింది పటేలేనని నా అనుమానం. రాస్తా అవతల పొలమున్న సాయెబుకు, ఊరంతా చాచా అని పిలిచే ముసలాయనకు కూడా అదే కష్టం. అయినా సాక్ష్యానికి రమ్మంటే తల దించుకున్నాడు. "బెహన్, నేను గీ ఊర్లనే బతకాలె గదా" అన్నాడు. నేనూ ఎందుకొచ్చిన గొడవ అన్నట్టు ఏదో చెప్పబోయాను. అత్త వింటేనా! "అడగకముందే ఓడిపోతమా బిడ్డా? లేదనేదేందో ఆ జడ్జి నోటితోనే ఇంట" అంది.

వాయిదా రోజు నేను కామారెడ్డి నుంచి బస్సులో పోయేసరికి, అత్త తన మహిళా సంఘం ఆడవాళ్లతో ట్రాలీ ఆటో దిగుతోంది. వాళ్లు వచ్చింది సాక్ష్యానికి కాదు, తోడుకు. సర్వపిండి, మామిడికాయ తొక్కు కట్టుకుని జాతరకొచ్చినట్టే వచ్చారు. లోపల కుర్చీలో ఉన్న జడ్జిని చూస్తే నిన్నమొన్న చదువు ముగించిన అమ్మాయిలా ఉంది. "గీ పోరి పటేలుకు ఏం జెప్తదే?" అని అత్త నా చెవిలో గొణిగింది.

బంట్రోతు గుమ్మంలో నిలబడి అత్త పేరు పిలిచాడు. ఆ పేరు విని నాకే ఎన్నేళ్లయిందో. ఊళ్లో ఆవిడ ఒకరి పెండ్లాం, ఇంకొకరి తల్లి, అంతే. "ఉన్న సారూ!" అని బడిపిల్లలా చెయ్యెత్తింది. తర్వాత అతను ఇంకో పేరు పిలిచాడు. ఎవరూ కదల్లేదు. మళ్లీ పిలిచాడు. సంఘం ఆడవాళ్లు ఎవరబ్బా అని ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. మూడోసారి పిలిచేసరికి ఒక నల్లకోటు వకీలు పరుగున పోయి, కారులో కూర్చున్న పటేలును దింపుకొచ్చాడు. పిలుపు ఆయనకూ వినబడిందట. అది తన పేరేనని తట్టలేదట!

లోపలికొచ్చి వకీళ్ల కుర్చీలో కూర్చోబోయాడు. జడ్జి తలెత్తి, "మీరెవరండీ?" అంది. ఆయన నవ్వి, "నేను ఎర్కలేనోళ్లు గీ చుట్టుపక్కల లేరమ్మా" అన్నాడు.

"నాకు తెలియదు. పేరు చెప్పి, అక్కడ నిలబడండి" అని అత్త పక్క జాగా చూపించింది. గొంతు పెంచలేదు, మొహం చిట్లించలేదు. ఆయన తన పేరు, తండ్రి పేరు చెప్పి అత్త పక్కన నిలబడ్డాడు. కాగితాల్లోకి చూస్తూనే ఆమె ఇంకో మాట కూడా అంది. "ఈ కేసు గురించి చెప్పాలనుకున్నది ఇక్కడే, అందరి ముందే చెప్పండి. బయటి నుంచి ఎవరితోనైనా చెప్పిస్తే ఆ సంగతీ రికార్డులో రాస్తాను." లేచి చప్పట్లు కొట్టాలనిపించింది, కోర్టులో కొట్టకూడదని ఆగాను.

బయటికొచ్చి చెట్టు కింద సర్వపిండి తుంచుతూ అత్త ఒకటే మాట. "ఆమెకు మనమెవరో ఎర్కలేదు, ఆయినెవరో గూడ ఎర్కలేదు. జడ్జంటే గట్లుండాలె బిడ్డా!" ఇందాకటి పోరి అప్పుడే జడ్జమ్మ అయిపోయింది.

ఆ సాయంత్రమే ఆ ముచ్చట ఊరంతా పాకింది. బీడీలు చుట్టేకాడ ఒకామె బంట్రోతు, ఇంకొకామె పటేలు అయి ఆడి చూపించారట. కుమ్మరాయన్ని ఆయన భార్య మొదటిసారి అసలు పేరుతో అన్నానికి పిలిచిందట. చాచా తనంతట తనే అత్త ఇంటికొచ్చి, "బెహన్, సాక్ష్యంల నా పేరు గూడ రాయించు" అన్నాడు. గ్రామసభలో సంఘం ఆడవాళ్లు లేచి, రాస్తా ఊరిదేనని తీర్మానం చేసేదాకా కూర్చోలేదు. బోనులో చాచాను పటేలు వకీలు గుచ్చి గుచ్చి అడిగాడు, పటేలంటే నీకు కోపమా అని. "కోపమేంది సాబ్? నాకు తొవ్వ గావాలె" అన్నాడాయన. వాయిదాలు చాలానే నడిచాయి. సర్వపిండి మీద నాకు విసుగు పుట్టింది గాని, కోర్టు మీద అత్తకు పుట్టలేదు.

తీర్పు ఇంగ్లీషులో చదివారు. మా వకీలు తెలుగులో చెప్పాడు, రాస్తా అందరిదీ, కంచె తీసెయ్యాలి అని. "మల్లొక్కసారి జెప్పు సారూ" అంది అత్త. ఆయన మళ్లీ చెప్పాడు. ఇంకోసారి చెప్పించుకుని, అప్పుడు ఏడ్చింది. నేనూ ఏడ్చాను, సంతోషంతో.

కడీలు పాతినవాళ్లే వచ్చి పీకేశారు. ఆ పంటకు కోత మిషను రాస్తాలోకి తిరుగుతుంటే, పెండ్లికొడుకు వెనక నడిచినట్టు ఊరంతా దాని వెనక నడిచింది. ముందు నడిచింది అత్త. దారి మధ్యలో పటేలు ఒక్కడే నిలబడి చూస్తున్నాడు. అత్త ఆయన్ని పేరు పెట్టి పిలిచి, చివర అన్న తగిలించి, "అన్నా, జర పక్కకు జరుగు, మిషను వస్తున్నది" అంది. ఆయన ఒక్క క్షణం చూసి, పంచె ఎగ్గట్టుకుని గట్టెక్కాడు.

దవాఖాన అమ్మాయి నా పేరు రెండోసారి పిలిచింది. "ఉన్న!" అని చెయ్యెత్తి లేచాను. కాలం మా అత్త ఊరిని మరీ అంతగా ఏమీ మార్చలేదు, వెనక మిషను వస్తుంటే పటేలైనా పక్కకు జరిగేంత మాత్రం మార్చింది.